ఆపుకున్న తుమ్ము

మిరపకాయలు ఆరబోసిన కళ్లం పక్కనే ఈ బడి. కిటికీలోంచి ఘాటు వచ్చి, వెనక బెంచీ మీద కూర్చున్న నాకు ముక్కు అదిరింది. పంతొమ్మిదివందల యాభైల చివర, మా ఊరి బడిలో రెండో తరగతి చదివేటప్పుడూ ఇంతే.

ఒకరోజు ట్రైనింగు స్కూలు నుంచి వచ్చిన టీచరమ్మ మాకు గుణింతం చెబుతున్నారు. వెనక కళ్లజోడు పెద్దాయన ఒకరు కూర్చున్నారు. తప్పు చదివినవాళ్లని పట్టుకుపోతారనుకుని, ఊపిరి బిగబట్టి తుమ్ము ఆపుకోబోయాను. ఆగలేదు. ఆయన తలెత్తి చూడగానే నాకు ఏడుపొచ్చేసింది.

టీచరమ్మ వంగి, "ఏడవకే తల్లీ, ఆయన మార్కులేసేది నీకు కాదు, నాకు," అని గొణిగారు. ఆవిడ చేతిలో సుద్దముక్క వణుకుతోంది. టీచరుకే భయమేస్తే ఇక మా గతేమిటని ఇంకా హడలిపోయాను.

ఇప్పుడు మార్కులేసేది నేను. బోర్డు దగ్గర ట్రైనింగు అమ్మాయి చేతిలో సుద్దముక్క వణుకుతోంది. కొంగు ముక్కుకి అదిమిపెట్టి, తుమ్ము ఆపుకున్నాను.