లోపలి గదిలో కలిపిన రంగు

బట్టలు కుట్టే ఆ మనిషికి ఎవరి మాటా ఓ పట్టాన నమ్మబుద్ధి కాదు. గుడ్డ కొన్నా కొట్టువాడి టేపు పక్కన తన టేపు పెట్టి కొలుస్తుంది. "మా అక్క అద్దంలో చూసుకున్నా, ఈ మొహం నాదేనా అని అడుగుతుంది" అని తమ్ముడు వేళాకోళం చేసేవాడు.

అలాంటామెకు నలభై దాటాక సముద్రం బొమ్మ వెయ్యాలని బుద్ధి పుట్టింది. వీధి చివర మేడ మీద బొమ్మలు నేర్పే మాస్టారి దగ్గర చేరింది. నీరూ ఆకాశమూ కలిసే గీత తిన్నగా గియ్యడం తొందరగానే పట్టుబడింది. చిక్కల్లా అల విరగబోయే చోటే. అక్కడ నీరు పలచబడి, అవతలి వెలుగు ఆకుపచ్చగా తొంగిచూడాలి. మాస్టారి బొమ్మలో అలాగే తొంగిచూస్తుంది. తన బొమ్మలో మాత్రం సబ్బునీళ్లే.

మాస్టారు ఆ రంగు ఎదురుగా కలపడు. పళ్లెం పట్టుకుని లోపలి గదిలోకి వెళ్లి తలుపు చేరవేసుకుంటాడు.

"ఇక్కడే కలపొచ్చుగా మాస్టారూ?"

"ఇక్కడ వెలుతురు చాలదమ్మా."

కిటికీలోంచి ఎండ సూటిగా ఆయన బట్టతల మీదే పడుతోంది.

ఇందులో ఏదో మతలబు ఉందనుకుంది. ఏదో పొడి దాచాడు, చూపిస్తే శిష్యులు చెయ్యి జారిపోతారని భయం! ఓ సాయంత్రం పిల్లిలా వెనకే వెళ్లి తలుపు సందులోంచి చూసింది.

మాస్టారు చేతులు కట్టుకుని పీట మీద కూర్చున్నాడు. రంగు కలుపుతున్నది ఆయన భార్య.

"చాలా?" అన్నాడాయన.

"ఉండండి, ఇంకా పచ్చదనం రాలేదు."

మర్నాడు మాస్టారు బజారుకెళ్లిన వేళ చూసి, ఆయన భార్యని నిలదీసింది. "రంగు మీరు కలుపుతుంటే, బొమ్మ కింద ఆయన సంతకమొక్కటేనేం?"

మాస్టారి భార్య కంగారుగా మెట్లవైపు చూసి గొంతు తగ్గించింది. "ఆయనకి ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనిపిస్తాయమ్మా. ఎవరితోనూ అనకు."

"అనను. నాకూ కలపడం నేర్పండి."

"నిన్ను నమ్మొచ్చా?"

ఆ మాట తననే ఒకరు అడుగుతారని ఆమె కలలో కూడా అనుకోలేదు. సిగ్గుతో తలూపింది.

మాస్టారు లేనప్పుడల్లా నేర్చుకుంది. నెల తిరిగేసరికి ఆమె అలలో వెలుగొచ్చింది. పక్కన కూర్చుని బొమ్మలు నేర్చుకునే పోస్టుమాన్ చూసి, "అచ్చం మీ అలే మాస్టారూ!" అన్నాడు.

మాస్టారు దగ్గరికొచ్చి వంగి చూశాడు. "ఈ రంగు ఎక్కడ నేర్చావు?"

"గుడ్డకి దారం రంగు జోడీ చూసీ చూసీ వచ్చేసిందండీ."

ఆయన నమ్మలేదు. ఆమె వంకా, గుమ్మంలో నిలబడ్డ భార్య వంకా మార్చి మార్చి చూశాడు. భార్య చీపురందుకుని, అద్దంలా ఉన్న నేలనే మళ్లీ ఊడవసాగింది.