ఇంటి భాషలో చెప్పమనే సారు

మా ఎలక్ట్రికల్ సారు పోయారని మొన్న పొద్దున ఖమ్మం నుంచి ఆయన కొడుకు ఫోన్ చేశాడు. "మా అబ్బా నిద్రలనే పోయిన్రు మేడం" అని, శిష్యుల్లో ఎవరెవరికి చెప్పాలో తమకు తెలియదన్నాడు. నాకు మాత్రం ఏం తెలుసు? భద్రాచలం అడవి అంచున మా ఒకేషనల్ కాలేజీలో ఆయన దగ్గర మోటార్లకు తీగ చుట్టడం నేర్చుకున్నవాళ్లు ఏయే ఊళ్లలో ఉన్నారో!

సారు వాళ్లది ఖమ్మంలో వైండింగ్ దుకాణం. నేను అదే కాలేజీలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. స్టాఫ్ రూంలో ఆయన టీ సాసర్లో పోసుకుని, అది చల్లారేదాకా ఊదకుండా చూస్తూ కూర్చునేవారు. "టీకి తొందర లేదు మేడం, మనకే" అనేవారు. ఇంట్లో తెలుగు కాక తమ గూడెం భాష మాట్లాడే మా పిల్లలు కోర్సు అయిపోయాక ఇప్పుడేం చేయాలని అడిగితే ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే: "నువ్వేం చేస్తవో నాకు చెప్పుడు కాదు బేటా. ఇంటికి పోయి మీ అమ్మకు మీ భాషల చెప్పు. చెప్పనీకి వస్తే అది నీ ప్లాను. రాకుంటే ఎవరిదో."

నాకది ఒక పట్టాన నచ్చేది కాదు. బడి మొహం చూడని తల్లికి, ఒకేషనల్ నుంచి ఇంజనీరింగ్‌కు దారి వేసే బ్రిడ్జ్ కోర్సు గురించి ఏ మాటల్లో చెబుతారు?

రెండు వేల సంవత్సరం తర్వాత నాలుగైదేళ్లకనుకుంటాను, ఆ ఏటి బ్యాచ్‌లో అందరికన్నా బాగా పని నేర్చిన అమ్మాయికి ఒక ఫ్యాక్టరీ నుంచి అప్రెంటిస్‌గా పిలుపు వచ్చింది. మర్నాడే చేరాలి. అలాంటి పిలుపు వచ్చినా వదిలేయమనీ, బ్రిడ్జ్ కోర్సు చేసి ఇంజనీరింగ్‌లో చేరమనీ ఆమెకు అంతకుముందే నూరిపోశాను. అటో ఇటో తేలాలని సారూ నేనూ బస్సు దిగి, వాగు దాటి, వాళ్ల ఊరు వెళ్లాం. తొలకరి పడింది. అమ్మాయి తండ్రి చేలో పత్తి గింజలు పెట్టి అప్పుడే వచ్చాడు. పిల్లను ఎక్కడికీ పంపేది లేదన్నట్టే ఉంది ఆయన ముఖం.

అమ్మాయి తల్లి ముందు కూర్చుని తమ భాషలో మొదలుపెట్టింది. మా ఇద్దరికీ ఆ భాష రాదు. నాకు అర్థమైనదల్లా బ్రిడ్జ్ కోర్సు, ఎంట్రెన్స్, ఇంజనీరింగ్, సీటు. సారు నెమ్మదిగా అన్నారు: "ఆగు బేటా. ఇది మేడం ముచ్చట. నీదేంది?"

అమ్మాయి నా వంక చూసి తల దించుకుంది. తర్వాత తల్లి దగ్గరికి జరిగి మళ్లీ చెప్పింది. ఈసారి నాకు ఒక్క మాట దొరకలేదు. చేతులు గాలిలో తీగ చుడుతున్నాయి. తల్లి ఏదో అడిగింది, అమ్మాయి నవ్వింది, ఇంకా చెప్పింది. అంతసేపూ సారు కదల్లేదు. ఒక్క ముక్క అర్థం కాని చోట అంత నమ్మకంగా కూర్చున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

చివరికి మాతో తెలుగులో చెప్పింది. ముందు పనిలో చేరుతుందట, చేయి తిరిగాక డిప్లొమా చదువుతుందట.

తండ్రి సారు వైపు తిరిగాడు. "మా ఊరి పోరగాళ్లు ఇద్దరు సర్టిఫికెట్లు తెచ్చిన్రు సారూ. ఏటా ఏన్కూరు దిక్కు మిరపకాయలు ఏర కూలికి పోతున్నరు. ఈమెకు కొలువు రాకుంటే ఏంది?"

ఆ అనుమానం నాకూ ఉండేది, ఇప్పటికీ ఉంది.

"కొలువు దొరుకుతదని ఒట్టు పెట్టలేనన్నా" అన్నారు సారు. "ఈ పిల్లకు పని చేతనైతదని పెడత."

తండ్రి చాలాసేపు పిల్ల చేతుల వంక చూశాడు. లోపలికి వెళ్లి, ఆమె రేకుపెట్టె తెచ్చి తలకెత్తుకున్నాడు.

వాగులో ఎర్రనీళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయి. ముందు తండ్రి, వెనక పిల్ల, చెప్పులు చేత పట్టుకుని సారు, చివర నేను. నడి వాగులో ఆ పిల్ల వెనక్కి తిరిగి, ఒడ్డున నిలబడ్డ తల్లికి తన భాషలో ఏదో కేకేసి చెబుతోంది. తల్లీ ఏదో అరిచి చెబుతోంది. సారు ఆ నీళ్లలోనే ఆగిపోయి, అంతా అర్థమవుతున్నట్టు, వాళ్ల మాటలయ్యేదాకా తల ఊపుతూ వింటున్నారు.