అరటిపళ్ళకు దూరంగా మల్లెదండ

మా పక్కింటి బాటనీ మాస్టారు పోయిన నెల కన్నుమూశారు. నాకు చుట్టరికమేమీ లేకపోయినా ఆయన బాబాయిగారు, ఆయన భార్య పిన్నిగారు. పెద్దకర్మ రోజు అందరూ ఆయన కాలేజీలో చెప్పిన పాఠాల గురించే మాట్లాడారు. అరటిపళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. పదో తరగతి తర్వాత ఉత్తరాలు తప్ప ఏమీ రాయని నేను కలం పట్టింది అందుకే.

కోసిన పువ్వు ఎన్నాళ్ళు నిలుస్తుందన్నదే ఆయన ధ్యాస. నేను పూజలో కొబ్బరికాయ కొట్టిన చప్పుడు వింటే గిన్నె పట్టుకుని వచ్చేవారు. తీర్థానికి కాబోలని భక్తిగా పోసేదాన్ని. ఆయన తీసుకెళ్ళి లిల్లీ కాడలున్న సీసాలో పోసేవారు.

“కొబ్బరినీళ్ళలో ఒక హార్మోను ఉంటదమ్మాయ్. పువ్వుని తొందరగా ముసలిదాన్ని కానీదు.”

“అవేవో నాకు పోసినా బాగుండేది!” అని లోపలి నుంచి పిన్నిగారు.

ఒక ఏడు శ్రీరామనవమి కల్యాణానికి సీతమ్మవారి దండ ఇచ్చే వంతు మొదటిసారి మాకు వచ్చింది. ముందటేడు ఎవరో ఇచ్చిన దండ తలంబ్రాల వేళకే వడిలిందని ఆడవాళ్ళు ఏడాదంతా చెప్పుకున్నారు. నాకదే భయం. ముందురోజు సాయంత్రమే మల్లెమొగ్గల దండ తెప్పించి, తడిగుడ్డ చుట్టి, దేవుడి గదిలో మగ్గిన అరటిగెల పక్కనే పెట్టాను.

బాబాయిగారు గుమ్మంలోనే ఆగి ముక్కు ఎగబీల్చారు.

“ఏందమ్మాయ్ ఇది! మగ్గిన పండు ఇథిలీన్ అనే గాలి వదులుద్ది. అది సోకితే పువ్వు తనకి వయసైపోయిందనుకుంటది. గెల బయట పెట్టు.”

“పూలూ పళ్ళూ పక్కపక్కనుంటేనే కదండీ పూజ!”

“స్వామి ముందు కలుపు, ఎవరు కాదన్నారు? రాత్రంతా ఒకే గదిలో కాపురం దేనికి?”

పెద్దాయన మాట తీసెయ్యలేకపోయాను. గెల భుజాన వేసుకుని ఆయనే తీసుకెళ్ళారు.

తెల్లారి గెల కోసం వెళితే పిన్నిగారు నవ్వాపుకుంటూ వాకిట్లోకి చూపించారు. నులకమంచం మీద బాబాయిగారు గెలను కావలించుకుని నిద్రపోతున్నారు.

“కోతులొస్తాయంట. కాపలా!”

మంచం కింద తొక్కలు. స్వామికి ఎంగిలి పళ్ళా!

బాబాయిగారు ఒక కన్ను తెరిచారు. “పండిందో లేదో చూశానమ్మాయ్. చానా పండింది.”

పరుగున బజారుకెళ్ళి వేరే గెల తెచ్చాం.

కల్యాణంలో మల్లెలు అప్పుడే విచ్చినట్టున్నాయి. పూజారిగారు దండ ఎత్తి చూపించి, “ఎవరి భక్తో గానీ, ఒక్క పువ్వు వాడలేదు” అన్నారు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

వెనక నుంచి బాబాయిగారి గొంతు: “భక్తేనండీ. కాకపోతే పళ్ళు మా ఇంట్లో పడుకున్నాయి.”

అప్పటినుంచీ మా ఇంట పళ్ళు వంటింట్లోనే. హారతి వేళకే పూలను కలుస్తాయి.

పెద్దకర్మ రోజు ఆయన ఫొటోకి మల్లెదండ వేసి, దాని కిందే ఎవరో మగ్గిన పళ్ళ పళ్ళెం పెట్టారు. నేను దణ్ణం పెట్టుకుని పళ్ళెం తీశాను.

“ఏందమ్మా, ఆయనకి పెట్టినవి తీస్తన్నావ్?” అన్నారొకరు.

అన్ని రోజులుగా నోరు విప్పని పిన్నిగారు, “తియ్యనీయండి. లేకపోతే ఆయనే లేచొచ్చి తీస్తాడు” అన్నారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వుతూనే ఏడ్చారు.

మర్నాడు వెళ్ళి చూస్తే దండ ఇంకా తెల్లగానే ఉంది.

ఈ కాగితాలు చదివినవారు దాచుకోండి, పదిమందికీ చూపించకండి. అంత పెద్దమనిషి అరటిగెలను కావలించుకుని పడుకున్నారని ఊరంతా అనుకోవడం నాకు ఇష్టం లేదు.