ఇమ్మానియేలు మీద పేడనీళ్ళు

షాపుకి కొత్త సరుకు వచ్చిన రోజు అట్టపెట్టెలు విప్పే పని నాదే. ఇంటర్ తప్పాక విశాఖపట్నంలో ఆటసామాన్ల షాపులో దొరికిన ఉద్యోగం ఇది. టేపు చింపి పెట్టె తెరవగానే, గాలి తీసి నొక్కిపెట్టిన ఫుట్‌బాళ్ళ నుంచి రబ్బరూ జిగురూ కలిసిన వాసన మొహానికి కొడుతుంది. మిగతా అమ్మాయిలు చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంటారు. నాకు మాత్రం ముంచింగిపుట్టులో మా కొట్టు వెనక గది, ఉప్పు బస్తాల మధ్య మడతమంచం, దాని కింద వరసగా పేర్చిన బంతులు, మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని కూర్చున్న ఇమ్మానియేలు, అంతా కళ్ళముందుకొస్తుంది.

మేము కింద మైదానం నుంచి కొండ మీదికి వ్యాపారానికి వెళ్ళినవాళ్ళం. సంత రోజు తెల్లారేసరికి మంచులోంచి ముందు మాటలు వినపడేవి, తర్వాత మనుషులు కనపడేవారు. అడ్డాకుల కట్టలు, చింతపండు బుట్టలు, పసుపుకొమ్ములు, కొండచీపుళ్ళు నెత్తిన పెట్టుకుని, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తూ ఆడవాళ్ళు దిగేవారు. ఎండుచేపల వాసనా, చుట్ట వాసనా, తడిసిన గోనె వాసనా కలిసి మా కొట్టు గుమ్మంలో నిలబడిపోయేవి. ఆ గుమ్మంలోనే నేనూ ఉండేదాన్ని. మిగతా కొట్లవాళ్ళ పిల్లలంతా కింద హాస్టళ్ళలో చదివేవారు. గూడెం పిల్లలతో ఆడొద్దని అమ్మ. నాతో నేనే గవ్వలాడుకుని, నామీద నేనే గెలిచేదాన్ని.

నాకు పదకొండేళ్ళప్పుడు, కొండంతా కాఫీపూల వాసన పట్టిన రోజుల్లో, హైస్కూల్లో ఆటలు నేర్పే మాస్టారు ఇమ్మానియేలుని తీసుకొచ్చారు. వాళ్ళది ఘనా దేశం. పందొమ్మిదేళ్ళు. కలకత్తాలో ఏదో చిన్న క్లబ్బుకి ఆడాడు, ఆ సీజను అయిపోయింది, మరో క్లబ్బు నుంచి కబురు రావాలి. ఈలోగా పాడేరు టోర్నమెంటులో గూడెం జట్టుకి ఆడతాడని మాస్టారు అన్నారు. మా వెనక గది అద్దెకిచ్చాం. అమ్మ అతనికి వేరే గ్లాసు, వేరే పళ్ళెం పెట్టింది. అతను తల ఊపి, ‘ఓకే’ అన్నాడు. దేనికైనా అంతే, ఓకే.

తన ఆట డబ్బుల్లోంచి వాళ్ళ ఊళ్ళో వీధిపిల్లలకి బంతులూ బూట్లూ పంపేవాడట. ఎర్రమట్టిలో వట్టికాళ్ళ పిల్లల ఫొటోలు ఫోన్లో చూపించి, ఒక్కొక్కడి పేరూ చెప్పేవాడు. మాకా పేర్లు నోరు తిరిగేవి కావు. ఇక్కడా ఊరుకోలేదు. వచ్చిన వారానికే కోతలైపోయిన పొలంలో రాళ్ళు ఏరించి, గూడెం పిల్లలందరికీ పొద్దుటా సాయంత్రం ఆట నేర్పడం మొదలుపెట్టాడు. నేను దూరంగా గట్టు మీద నిలబడితే, గూడెంలో బుద్రి అనే పిల్ల అరిచింది.

“ఏటే కొట్టోళ్ళ గుంటా, దిష్టిబొమ్మలాగ నిలబడిపోనావు? బేగి రా!”

“మా అమ్మ తిడతాది.”

“మీయమ్మకి కొట్టుకాడ్నుంచి నువ్వు కనబడతావేటి? రాయే!”

ఇమ్మానియేలు కూడా నేర్చుకున్న ఒకే ఒక్క తెలుగు మాటతో పిలిచాడు, “రా, రా.” వెళ్ళాను. నా బాల్యంలో పిల్లల మధ్య పరిగెత్తిన నెలలు ఆ రెండే.

సాయంత్రాలు అతను సిగ్నలు దొరికే గుట్ట ఎక్కి వాళ్ళమ్మతో మాట్లాడేవాడు. దిగి వచ్చాక చాలాసేపు ఎవరి వంకా చూసేవాడు కాదు. ఎక్కడో ఆడుతుంటే జనం కోతికూతలు కూసి, మీద అరటితొక్కలు విసిరారట. ఆ మాట మాస్టారు నాన్నకి చెబుతుంటే విన్నాను.

చైత్రంలో ఇటుకల పండగ వచ్చింది, గూడెంవాళ్ళ వేట పండగ. ఆ పండగ అయ్యేదాకా గూడెంలో ఎవరూ మామిడికాయ నోట పెట్టరు. ఆ రోజుల్లో మగవాళ్ళు విల్లంబులతో వేటకెళతారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా దుంగ పెట్టి, పాటలు పాడుతూ కాపు కాస్తారు. ఉత్తి చేతులతో వచ్చిన మగవాడి మీద పేడనీళ్ళు కుమ్మరిస్తారు, వాడు తప్పించుకు పరిగెత్తాలి, ఊరంతా నవ్వాలి. ఆ ఏడు పాడేరు టోర్నమెంటు సరిగ్గా అప్పుడే పడింది. జట్టు జీపెక్కుతుంటే బుద్రి వాళ్ళ అవ్వ చెయ్యి ఊపింది.

“మీదీ ఏటకెళ్ళడమే గదరా! కప్పు అట్టుకు రండి. నేకపోతే పేడే!”

అందరూ నవ్వారు. అర్థం కాకపోయినా ఇమ్మానియేలూ నవ్వాడు.

ఓడిపోయారు. ఆఖరి పెనాల్టీ అతనే బయటికి కొట్టాడట. మర్నాడు పొద్దువాలుతుండగా జీపు దుంగ దగ్గర ఆగింది. మాస్టారు పాడేరులోనే ఉండిపోయారు. గూడెం కుర్రాళ్ళు దూకి కేకలేస్తూ పారిపోయారు. ఇమ్మానియేలు బూట్ల సంచి భుజాన వేసుకుని చివర్న దిగాడు. అవ్వ కుండెడు పోసింది. బుద్రి నా చేతికి డబ్బా ఇచ్చింది. పండగలో నన్నెవరైనా కలుపుకోవడం అదే మొదలు, ఆ సంబరంలో సరిగ్గా మొహం మీదే కొట్టాను.

అతను పరిగెత్తలేదు.

“లగెత్తు, మానియేలూ! లగెత్తరా!” అని ఆడవాళ్ళు పడీపడీ నవ్వుతున్నారు. అతను మొహం తుడుచుకుని, అరచేతిలోకి చూసి, వాసన చూసి, తర్వాత ఒక్కొక్కరినే చూశాడు. నన్నూ చూశాడు. నేనింకా నవ్వుతూనే ఉన్నాను. సంచి సర్దుకుని మా ఇంటివైపు నడిచాడు.

అప్పుడు నాకు భయం వేసింది. వెనక గది గుమ్మం దగ్గరికెళ్ళి, బడిలో నేర్చిన ఇంగ్లీషంతా వెతుక్కుంటే ఒక్క మాట దొరికింది. “ఫెస్టివల్,” అన్నాను. “ఫెస్టివల్, ఫెస్టివల్.” అతను తల ఊపాడు. “ఓకే,” అన్నాడు. అమ్మ వేరే గ్లాసు పెట్టినప్పుడు అన్నట్టే అన్నాడు.

పొద్దున్న మొదటి బస్సుకి వెళ్ళిపోయాడు. బంతులన్నీ మంచం కిందే వదిలేశాడు. కొత్త మామిడికాయలు కొంగున కట్టుకుని అవ్వ వచ్చేసరికి గది ఖాళీ.

“అలిగీసినాడేటి?” అని గుమ్మంలో కూలబడింది. “మనోడనే గదా పోసినాం. బయటోడైతే పేడెందుకు పోత్తాం?”

ఆ తర్వాత అయిదారేళ్ళకి నాన్న కొట్టు తీసేశాడు, కిందికి వచ్చేశాం. మేమాడిన పొలంలో ఇప్పుడు టూరిస్టుల గుడారాలు వేశారు. అవ్వ పోయింది. బుద్రిని ఒడిశా వైపు ఇచ్చారు, దాని ఫోన్ నంబరు నా దగ్గర లేదు. పండక్కి దుంగ దగ్గర ఇప్పుడు పాటలపెట్టె మోగుతుందని, కార్లు పాడైపోతాయని పేడ మానేసి రంగునీళ్ళు చల్లుతున్నారని విన్నాను.

పోయినేడు ఫోన్లో ఇమ్మానియేలు పెట్టిన వీడియో కనిపించింది. ఏదో చలిదేశంలో ఆడుతున్నాడు, మైదానం అంచున మంచు కుప్పలున్నాయి. వాళ్ళ ఊళ్ళో పిల్లలకి గోల్‌పోస్టులు పెట్టించాడు, బూట్లు పంపుతున్నాడు. పండగ సంగతంతా ఫోను చేత ఇంగ్లీషులోకి మార్పించి, ఆ వీడియో కిందే పెద్ద ఉత్తరం రాశాను. నిమిషంలో జవాబొచ్చింది, పిల్లల ఆటకి మీ అభిమానానికి ధన్యవాదాలని, కింద ఒక బంతి బొమ్మ. చూస్తే అక్కడ రాసిన అందరికీ అదే జవాబు.

అసలు చెప్పాల్సింది ఆ ఉత్తరంలో రాయలేదని తర్వాత తోచింది. ఇరవై ఏళ్ళు ఆ ఊళ్ళో బతికిన మా నాన్న, పండగ రోజుల్లో ఉత్తి చేతులతో ఎన్నిసార్లు ఆ దుంగ దాటాడో. ఆడవాళ్ళు పాట ఆపి, పక్కకి తప్పుకుని దారిచ్చేవారు. అది మర్యాద అనుకుని మేము పొంగిపోయేవాళ్ళం.

అందుకని మళ్ళీ రాశాను. ఈసారి మార్పించలేదు, తెలుగులోనే రాశాను: “మా నాన్న మీద ఒక్క చుక్క కూడా పోయలేదు, ఇమ్మానియేలూ. నీ మీద పోశారు.”