రజిత పైకి చదివే సెట్టింగులు

నిన్న పొద్దున రజిత తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, మా అక్క పోయింది. పొద్దున లేపితే లేవలే."

నేను "సరే, మళ్లీ చేస్తా" అని పెట్టేశాను. ఎందుకలా అన్నానో తెలియదు. స్టవ్ మీద పాలు పొంగిపోతుంటే చూస్తూ నిలబడ్డాను.

అప్పటి నుంచి అంతా నీళ్ల అడుగు నుంచి చూస్తున్నట్టుంది. మెట్‌పల్లిలో వాళ్లింటికి వెళ్లాను, చూశాను, వచ్చాను. ఇంకా నమ్మకం రావడం లేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. రజిత నా ఫ్రెండ్. కరీంనగర్‌లో నా ఫస్ట్ జాబ్‌లో సీనియర్. రైతులు ఇంట్లో కూర్చుని చేనులో మోటారు ఆన్, ఆఫ్ చేసుకునే వైర్‌లెస్ డబ్బాలు తయారుచేసే చిన్న ఆఫీసు అది. వెనక గదిలో టెస్టింగ్ మా ఇద్దరి పని.

ఆ డబ్బాలు ఆగకుండా మాట్లాడవు, బ్యాటరీ అయిపోతుంది కదా. చిన్న మెసేజ్ ఒకటి పంపి ఊరుకుంటాయి, కాసేపటికి మళ్లీ పంపుతాయి. ఆ చిన్న ముక్కనే బర్స్ట్ అంటారు. మోటారు దగ్గరి రిసీవర్ మధ్యలో నిద్రపోయి, బర్స్ట్ వచ్చే వేళకు లేవాలి.

ల్యాబ్‌లో అదే సిగ్నల్‌ని కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్‌తో తయారుచేసి రిసీవర్లకు వినిపించేవాళ్లం. బర్స్ట్‌లో ఏ డేటా ఉండాలి, ఎంత పొడవు, రెండింటి మధ్య గ్యాప్ ఎంత, అన్నీ ముందే నింపాలి.

రజిత వాళ్లది మగ్గాల ఇల్లు. వాళ్ల బాపు పవర్‌లూమ్ నడిపేవాడు. వాళ్లింట్లో మగ్గానికి కొత్త నూలు చుట్టిన బీము ఎక్కించేటప్పుడు పోగుల లెక్క ఒకరు పైకి చదివితే ఇంకొకరు "ఆఁ" అనాలట. తను ఆ పద్ధతిని ల్యాబ్‌కు తెచ్చింది.

"బర్స్ట్ పొడవు గింత. ఆఁ అను."

"ఆఁ."

"గ్యాప్ గింత. ఆఁ అనవే."

బడిలో హాజరు పిలిచినట్టుందని నవ్వేదాన్ని. మూతి తిప్పేది. కానీ నేను ఆఁ అనేదాకా ప్లే బటన్ మాత్రం నొక్కేది కాదు.

డేటా దగ్గర అందరూ సాఫ్ట్‌వేర్ ఇచ్చే ర్యాండమ్ అంకెలే ఉంచేస్తారు. తను అప్పుడప్పుడు ఊళ్ల పేర్లు టైప్ చేసేది. మెట్‌పల్లి, చొప్పదండి, లక్సెట్టిపేట.

మధ్యాహ్నం, కర్టెన్ వేసి ఉన్న గది. స్క్రీన్ మీద ఒక్కో బర్స్ట్ మిణుగురులా వెలిగి ఆరేది. అన్నం బాక్స్ ఒళ్లో పెట్టుకుని, తినడం మర్చిపోయి చూస్తూ కూర్చునేది.

"ఊర్లు గాల్ల పోతున్నయే," అనేది. "గీ నడుమల సూడు, ఏం సప్పుడు లేదు. నాకు గిదే మంచిగ అనిపిస్తది."

నాకు అక్కడేమీ కనిపించేది కాదు. కానీ తన పక్కన కూర్చుంటే టైమ్ తెలిసేది కాదు.

ఇక చెప్పాల్సింది చెప్తాను. ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు తను ముందు గదిలో రైతులతో ఫోన్‌లో ఉంది. కొత్త బ్యాచ్ టెస్ట్ చేయాలి. ఒక్కదాన్నే చేసి చూపిద్దామనుకున్నాను. ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటారే, అదే.

పైకి చదవలేదు. గ్యాప్ దగ్గర సాఫ్ట్‌వేర్ ముందే పెట్టి ఉంచిన సున్నా అలాగే ఉండిపోయింది. బర్స్ట్‌లు ఒకదాని వెనక ఒకటి ఆగకుండా వెళ్లాయి. రిసీవర్లకు నిద్రపోయే అవసరమే రాలేదు. అన్నీ పాస్.

చేలలోకి వెళ్లాక అవి నిద్రపోయాయి, లేవలేదు.

మెట్‌పల్లి దగ్గర ఒక పెద్దాయన ఇంట్లో ఆఫ్ నొక్కితే మోటారు ఆగలేదు. సాయంత్రం వెళ్లి చూసేసరికి పసుపు చేనంతా నీళ్లు నిలిచి ఉన్నాయి. డబ్బా పట్టుకుని ఆఫీసుకే వచ్చాడు. అరవలేదు. "దుంప మురుగుతదేమో బిడ్డా," అన్నాడు. అరిస్తేనే బాగుండేది.

మా సార్ ఇద్దరినీ పిలిచారు.

"గీ బ్యాచ్ ఎవలు టెస్ట్ చేసిండ్రు?"

నేను చేరి రెండు నెలలు. ఉద్యోగం వద్దని మా బాపు అప్పటికే గొడవ. తీసేస్తే మా ఊరు చొప్పదండి వెళ్లాలి, మళ్లీ గడప దాటనివ్వరు.

"నేనే సార్," అంది రజిత.

ఆ వానాకాలమంతా తను ప్యాకింగ్‌లో ఉంది. స్క్రీన్ ముందు కుర్చీలో నేను కూర్చున్నాను. గోడ అవతల టేపు చింపే చప్పుడు వినిపించేది. నాకు ఏడుపొచ్చేది.

"ఏమైందని ఏడుస్తున్నవే? సెట్టింగులు జర గట్టిగ సదువు, నేను ఈడికెల్లి ఆఁ అంట," అంది.

అలాగే అంది కూడా, రోజూ, గోడ అవతలి నుంచి.

నిన్న అంతా అయిపోయాక సార్ టెంట్ కింద ఒక్కరే కూర్చుని ఉన్నారు. పక్కన కూర్చుని చెప్పేశాను. ఆ బ్యాచ్ చేసింది నేను సార్, రజిత కాదు.

ఆయన నా వైపు తిరిగారు.

"నాకు ఎరికే బిడ్డా. గా ఫైల్ మీద నీ పేరే ఉండె. గా దినమే రజితను అడిగిన. 'పొల్ల మంచిగ నేర్సుకుంటది సార్, ఇంటికి పంపకున్రి. మీకు ఎరికైందని దానికి చెప్పకున్రి, సిగ్గుపడి పని ఇడిశిపెడ్తది,' అన్నది. ప్యాకింగ్‌కు నేను పంపలే. తనే పోత అన్నది."

స్క్రీన్ ముందు ఆ కుర్చీ ఆయన ఇచ్చారనుకున్నాను ఇన్నేళ్లు.

రజ్జూ, ఆ టెస్ట్ చేసింది నేను. మన ఆఫీసు వాళ్లు, మీ ఇంటివాళ్లు, అందరూ చదవాలనే ఇక్కడ రాస్తున్నా. నువ్వు బతికుండగా ఒక్కసారి చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

ఎక్కడున్నా ఏ ఫికర్ లేకుండా నిమ్మళంగా ఉండవే.