క్యారియరు కోసం ఆలూరు దాకా

శనివారం తెల్లవారి ఐదున్నర బస్సుకు నేను కర్నూలులో బయలుదేరింది దేవుడి దర్శనానికి కాదు, పెళ్ళికీ కాదు. నా ఇత్తడి క్యారియరు నేను తెచ్చుకోవడానికి. మూడు గిన్నెలది, కళాయి చెదరనిది, మూతమీద ‘మంగమ్మ’ అని నా పేరు చెక్కించి మా అమ్మ ఇచ్చినది. మా ఇంట్లో దిగిన ఒక మనిషి దాన్ని పట్టుకుపోయి రెండు నెలలైంది. మనిషి లేడు, కబురు లేదు.

కర్నూలు రాజధాని అయ్యాక మా ఊళ్ళో ముందుగది ఉన్న ప్రతి ఇల్లూ సత్రమైపోయింది. ఆఫీసులు గుడారాల్లో, ఆఫీసర్లు అద్దె ఇళ్ళల్లో, అర్జీలు పట్టుకొచ్చినవాళ్ళు మాలాంటివాళ్ళ ముందుగదుల్లో. మేమూ వారానికీ పదిరోజులకూ గది ఇస్తున్నాం. ఇచ్చిన పాపానికి నేర్చుకున్నది చెబుతాను, గది ఇవ్వాలనుకునేవాళ్ళు వినండి. నీళ్ళకుండకు మూత పెట్టి, మూతమీద పొడుగు కాడ గరిటె పెట్టండి, లేకపోతే మోచేతుల దాకా ముంచుతారు. చెంబును గొలుసుతో కిటికీకి కట్టేయండి. లాంతరు గ్లాసు ఒకటి ఎక్కువ కొని దాచుకోండి. దుప్పటి ఇవ్వకండి, గొంగడి ఇవ్వండి. మా తెల్ల దుప్పటితో ఒక పెద్దమనిషి బూట్లు తుడుచుకున్నాడు, వాడి చేతులు పడిపోను! చేదతాడు మాత్రం కొత్తదే కొనండి. పాతది తెగితే బావిలోంచి చేద తీసుకోవలసింది మీరే గాని వాళ్ళు కాదు.

ఇన్ని బుద్ధులు చెప్పే నేనే క్యారియరు పోగొట్టుకున్నాను. తీసుకుపోయినవాడి పేరు ఈరన్న. ఆలూరు పక్క పల్లెలో సేద్యగాడు. ఆ తాలూకా బళ్ళారి నుంచి విడిపోయి మనలో కలిసింది కదా, వాళ్ళ ఊరి తాగునీటి బావి అర్జీ బళ్ళారిలోనే ఉండిపోయిందో కర్నూలుకు వచ్చిందో కనుక్కోవడానికి వచ్చాడు. పొద్దున్నే గుడారం ముందు నిలబడి, దీపాలవేళకు ఎండిన మొహంతో వచ్చేవాడు. ఆఖరికి “చూస్తాం, పోవయ్యా” అన్నారట. వెళ్ళేరోజు ఆ మొహం చూడలేక చిత్రాన్నం, పెరుగన్నం, ఊరగాయ నా క్యారియరులో సర్ది ఇచ్చాను. “వారం దినాల్లో ఎవరితోనన్నా పంపిస్తాలేక్కా” అన్నాడు. నమ్మాను.

ఇప్పుడు చూడండి నా అవస్థ. బావుల అర్జీలు చూసే ఆ గుడారం ఆఫీసరే, ఇద్దరు గుమాస్తాలతో సోమవారం నుంచి మా గదిలో దిగుతానన్నాడు. ఒకటే షరతు. మధ్యాహ్నం భోజనం క్యారియరులో గుడారానికి పంపాలి. నేను ఉందని నోరు జారాను. లేదంటే తమ గది ఇవ్వడానికి వెనకింటివాళ్ళు కాచుకొని ఉన్నారు. మిల్లులో మా ఆయన పని పోయినప్పటి నుంచి మా పొయ్యి వెలిగేది ఆ గది అద్దెతోనే. అయినా ఆయన మంచమ్మీంచి లేవకుండా, “పోతే పోయిందిలేవే, గిన్నెల కోసం అంత దూరమా?” అన్నాడు. కొత్తది కొనే స్థోమతుంటే గది అద్దెకెందుకిస్తాం? ఆ మాటే ఆయన మొహాన అనేసి బస్సెక్కాను.

కోడుమూరు దాటేసరికే ఎండ చురుక్కుమంది. పక్కన గాజులమూట ఒళ్ళో పెట్టుకున్న ముసలి సాయిబు పలకరించాడు.

“యాడికి పోతాండావు తల్లీ?”

“దొంగ ఇంటికి.”

“తౌబా! పోలీసోళ్ళు ల్యారా?”

“నేనుండాగా పోలీసులెందుకు?”

ఆయన మూటను మెల్లగా అవతలి పక్కకు జరుపుకున్నాడు. ఎమ్మిగనూరులో దిగిపోయేటప్పుడు మాత్రం, “కోపం తగ్గించుకోమ్మా, ఎండలు శానా ఉండాయి” అని చెప్పిపోయాడు. తగ్గించుకోవడానికి అదేమన్నా లాంతరు వత్తా?

పదకొండుకు ఆదోని. బస్టాండు ఎదురు హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. కారం నా మనసుకు సరిగ్గా సరిపోయింది. ఆలూరు బస్సు ఒంటిగంటకన్నారు, రెండు దాటాక వచ్చింది. నిలబడడానికి నీడ కూడా లేదు. నా తరవాత పోయేవాళ్ళు రైల్లో ద్రోణాచలం మీదుగా గుంతకల్లు చేరి, అక్కడ బస్సు పట్టుకోవడం మేలు. ఆలూరులో దిగి, సంతనుంచి తిరిగిపోతున్న ఆడవాళ్ళ వెంట నల్లరేగడి దారిన నడిచాను. దారి పొడుగునా చేలు నెర్రెలు విచ్చి ఉన్నాయి. మోకాలెత్తు జొన్న నిలువునా మాడిపోయింది. నేను మాత్రం ఈరన్నను ఎన్ని మాటలనాలో వరస పెట్టుకుంటూ నడిచాను.

పొద్దు వాలేవేళకు ఇల్లు దొరికింది. వీధిలోంచే కేక పెట్టాను. “ఈరన్నా! బయటికి రా!”

అతని పెళ్ళాం హనుమక్క వచ్చింది. గడపలో ముసలి అత్త కూర్చొని ఉంది. “ఆయప్ప ల్యాడమ్మా. యాడనో కాలవ తవ్వుతాండారంట, ఆ కూలికి పోయినాడు. నువ్వు కర్నూలు మంగమ్మక్కవేనా? రామ్మా, కూచో” అని చెంబుతో నీళ్ళిచ్చింది. సగం తాగాను. మిగిలిన సగం దుమ్ముకాళ్ళమీద గుమ్మరించుకున్నాను. ముసలామె చెయ్యెత్తి ఏదో అనబోయి ఊరకుండిపోయింది.

హనుమక్క లోపలికి పోయి, గూట్లోంచి ఒక గుడ్డమూట తెచ్చి విప్పింది. నా క్యారియరే. చింతపండుతో తోమి తోమి నా పేరు తళతళలాడేట్టు చేశారు. అది చూసి నా కోపం రెండింతలైంది.

“ఇంట్లోనే ఉంచుకొని రెండు నెలలు పంపరా? ఆలూరునుంచి రోజూ మనుషులు కర్నూలు రావడం లేదా? సిగ్గులేదా మీకు?”

“ఖాళీగా ఎట్లంపేదమ్మా?” అంది హనుమక్క. “అన్నం పెట్టి పంపిన గిన్నెలు. చెనిక్కాయలు పండితే నింపి పంపుదామంటిమి. పండలేదు. కొర్రలన్నా వస్తాయంటిమి. అవీ రాలేదు. వాన పడితే గదా.”

“నిన్ను నింపమని ఎవరేడ్చారు? ఖాళీ గిన్నెలు పంపితే నా కొంప నిలబడేది!”

“యా మొగం పెట్టుకోని పంపల్లమ్మా?”

ఇలాంటి మర్యాదలతో ఎలా వేగేది? అరవడానికి ఇంకా మాటలున్నాయి గాని, గొంతెండిపోయి మళ్ళీ నీళ్ళడిగాను. హనుమక్క అత్త మొహం చూసింది. ముసలామె అంది: “ఇంగ ల్యావమ్మా. అవి వంకలో చెలమ తోడి తెచ్చిన మంచినీళ్ళు. మళ్ళ తెల్లారుజామున పోతే ఒక బిందె ఊరుతాది.”

కాళ్ళమీద తడి ఇంకా ఆరలేదు. “చెప్పొచ్చు గదమ్మా! కడుక్కుంటుంటే నోరు లేదా మీకు?” అని వాళ్ళమీదే ఎగిరాను.

“ఇంటికొచ్చినోళ్ళకు నీళ్ళు కొలిచి పోస్తామామ్మా?” అంది ముసలామె.

కిటికీకి గొలుసేసి కట్టిన నా చెంబు గుర్తొచ్చింది.  రాత్రికి జొన్నరొట్టె, పచ్చికారం పెట్టారు. ఇంట్లో ఉన్న ఒక్క చాపా నాకే వేశారు. ఈరన్నమీద కోపమంతా అక్కడే కరిగిపోయిందనుకునేరు. అదెక్కడికీ పోలేదు, ఎవరిమీద పడాలో వాళ్ళమీదికి తిరిగింది. ఊళ్ళో నీళ్ళకు ఏడుస్తుంటే ఆ మనిషిని రోజుల తరబడి గుడారం ముందు నిలబెట్టి ‘చూస్తాం పో’ అన్నవాళ్ళకే కదా, నేను వండి మోసుకుపోవడానికి ఇంత దూరం వచ్చింది!

పొద్దున హనుమక్క చెలమనుంచి వచ్చి, పక్కింటికి పోయి దోసెడు జొన్నలు అప్పు తెచ్చి గిన్నెలో పొయ్యబోయింది. చెయ్యి పట్టుకున్నాను.

“జొన్నలొద్దు. చెలమ ఎండిన దినం ఏం తాగుతారు మీరు?”

“ఊరిబాయి నీళ్ళు. ఉప్పు కషాయమమ్మా, పశువులు గుడ మూతి పెట్టవు.”

“అవే పొయ్యి. అడుగు గిన్నె నిండా పొయ్యి.”

“అయ్యో, ఇంటికి ఉప్పునీళ్ళు పంపుతారామ్మా యాడన్నా?”

“పోస్తావా, నన్ను చేదుకోమంటావా?”

పోసింది. పచ్చగా, నాచువాసన వేస్తూ ఉన్నాయి. మూత బిగించి, గుడ్డ చుట్టి, ఆలూరులో బస్సెక్కాను.

ఆదోని దాటాక కండక్టరు, “ఏముండాదమ్మా దాంట్లో? పాయసమా? కింద పెట్టుకోరాదూ” అన్నాడు. ఒళ్ళోంచి దించలేదు. గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాను. రేపు పై గిన్నెలో అన్నం పెడతాను, నడిమి గిన్నెలో పప్పు పెడతాను. ఆఫీసరు నీళ్ళడిగితే అడుగు గిన్నె తీసి ముందు పెడతాను. ఇవి ఎవరి బావి నీళ్ళో, ఆ అర్జీ ఎక్కడుందో అడుగుతాను. ఆయన లేచి వెనకింటికి పోతే పోనీ. ఒక గుక్క మింగాక పొమ్మంటాను. ఆ తరవాత మా పొయ్యి సంగతి ఏమిటంటారా? నాకూ భయంగానే ఉంది.

ఆ పక్కకు పోయేవాళ్ళు తాగేనీళ్ళు వెంట తీసుకుపోండి. ఎవరైనా చెంబుతో ఇస్తే చుక్క పారబోయకండి.

దీపాలవేళకు కర్నూలు చేరాను. మా ఆయన బస్టాండుకొచ్చి నిలబడి ఉన్నాడు. క్యారియరు చూసి మొహం విప్పారింది.

“ఇచ్చినారా మొత్తానికి?”

“ఇచ్చినారు. ఖాళీగా ఇయ్యలేదు” అన్నాను. చెయ్యి చాచాడు గాని ఇవ్వలేదు. ఒలుకుతాయని ఇంటిదాకా నేనే మోసుకొచ్చాను.