ప్లగ్గులు పీకే ఇంట్లో ఏ భాష బతుకుతుంది?

మా ఇంట్లో మొగుడూ పెళ్లాల గొడవలు కూరలో ఉప్పు దగ్గర మొదలు కావు, ప్రోగ్రామింగ్ భాషల దగ్గర మొదలవుతాయి. నాది పైథాన్, మా ఆయనది సి. ఆయన నంద్యాలలో ఒక కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతాడు, నేను ఇంట్లోంచే కంపెనీ పని చేసుకుంటాను. ఆయన పేజీ నిండా రాసేది నేను పది వరుసల్లో తేల్చేస్తానని ఎగతాళి చేస్తాను. "నీది వండి పెట్టిన అన్నం. తినేదానికి బాగుంటాది. పొయ్యి ఎట్ల మండుతాందో నీకేం తెలుసు?" అంటాడు. పొయ్యి సంగతి నాకెందుకయ్యా, ఆకలి తీరితే చాలదా!

ఈ గొడవలోకి ఆళ్లగడ్డలో ఉండే మా అక్క వచ్చి పడింది. నాటుకోడి గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్మాలని తనకు ఎన్నాళ్లుగానో కోరిక. వడ్రంగి చేత పెట్టె చేయించి, లోపల థర్మాకోల్ అతికించింది. వెనక గది అడిగితే బావ ఒక్కటే అన్నాడు: "ఈ ఒక్క తూరి చూస్తా. పిల్లలు కాకపోతే గది ఖాళీ చేయాల. నాకు మినుములు పోసుకునేదానికి కావాల." బావ మాటంటే మాటే. అక్క మొహం చూసి నాకు రోషం పొడుచుకొచ్చింది. పెట్టెకు మెదడు నేను పెడతానన్నాను.

ఒక ఆదివారం కూర్చుని పైథాన్‌లో రాసి పారేశాను. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్, వేడి కొలిచే ఒక సెన్సర్, బల్బు, ఫ్యాను. వేడి ముప్పై ఏడున్నర డిగ్రీలు దాటితే బల్బు ఆరుతుంది, తగ్గితే వెలుగుతుంది. గుడ్ల ట్రేని మోటారు అటూ ఇటూ వంచుతుంది. వేడి ఎక్కేదీ దిగేదీ గీతగా ఫోన్లో చూపించే పేజీ మాత్రం జావాస్క్రిప్ట్‌లో చేశాను. తెర మీద కదిలే బొమ్మ కావాలంటే దాన్ని మించింది లేదు. నంద్యాలలో కూర్చుని ఆళ్లగడ్డ గుడ్ల వేడి చూస్తుంటే, అబ్బబ్బ, ఆ సంబరం చెప్పలేను! నాకు జీతం తెచ్చేది జావా. వందమంది ఏళ్ల తరబడి చేయి పెట్టినా కూలిపోని పెద్ద పనులకు అది మంచిదే. కానీ దాంతో పనిచేస్తూ నేనెప్పుడూ ఇలా గంతులు వేయలేదు.

గుడ్లు పెట్టిన వారంలోపే ఒక మధ్యాహ్నం ఫోన్లో గీత ఆగిపోయింది. అక్కకు ఫోన్ చేశాను.

"కరెంటు పోయి వచ్చింది. అన్నీ మళ్లా పెట్టినా. నీ డబ్బా మాత్రం ఉలకదు, పలకదు" అంది.

"మళ్లా పెట్టేదేంది? అసలెందుకు తీసినావ్?"

"తీయకుండా? కరెంటు వచ్చేటప్పుడు ఎగిరి కొడ్తాది గదా. కాలిపోతాదని ముందు నీ డబ్బానే పీకినా!"

నెత్తి కొట్టుకున్నాను. మా వైపు కరెంటు పోగానే ఫ్రిజ్, టీవీ ప్లగ్గులు పీకడం చెప్పులు విడిచి లోపలికి వచ్చినంత మామూలు. కరెంటు లేకపోయినా కంప్యూటర్ ఆగకూడదని నేను బ్యాటరీ తగిలిస్తే, అక్క ఆ బ్యాటరీ వైరు కూడా పీకేసింది. అది ఏదో రాసుకుంటూ ఉండగా ఉన్నట్టుండి పీకితే లోపలి మెమరీ కార్డు చెడిపోతుంది. చెడిపోయింది. "గుడ్లు ఏమైతాయే?" అంది అక్క. బల్బును నేరుగా ప్లగ్గుకు పెట్టి, థర్మామీటరు చూసుకుంటూ వేస్తూ ఆర్పుతూ ఉండమన్నాను.

మా ఆయన నవ్వలేదు, అదే నాకు ఇంకా మంట. ఒక చిన్న చిప్పు బోర్డు, నాలుగు వైర్లు సంచిలో వేసుకుని "పద" అన్నాడు. ఆళ్లగడ్డ బస్సులో ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని సిలో ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టాడు. నేను చెబుతుంటే ఆయన టైపు కొడుతున్నాడు.

"సెన్సర్ వైరు ఊడిపోతే?" అన్నాను.

"బల్బు ఆపేయాల. లేకుంటే గుడ్లు ఉడుకుతాయి."

"రాయి మరి!"

"రాస్తాండా, ఉండవే!"

ముందు సీటు పెద్దాయన వెనక్కి తిరిగి, "ఏందప్పా, కొట్లాడుకుంటాండారా?" అని అడిగాడు. సిలో ప్రతిదీ మనమే చెప్పాలి, ఒక్కటి మరిచిపోయినా మన ప్రాణం తీస్తుంది. అంత విసుగులోనూ నాకు ఒళ్లు ఝల్లుమంది. ఆ చిప్పులో చెడిపోయే కార్డు గానీ వేరే సరంజామా గానీ లేదు, మేం రాసిన ఆ కాస్తే ఉంది. మా మాటకూ బల్బుకూ మధ్య ఇంకెవరూ లేరు!

అక్క చెమటలు కారుస్తూ పెట్టె ముందే కూర్చుని ఉంది. బోర్డు బిగించాక "ఇప్పుడు పీకు వదినా" అన్నాడు మా ఆయన. జంకుతూ పీకి, మళ్లీ పెట్టింది. కన్ను మూసి తెరిచేలోగా బల్బు వెలిగింది! మళ్లీ పీకింది, మళ్లీ వెలిగింది. చిన్నపిల్లలా పీకుతూ పెడుతూనే ఉంది. నేనూ పంతం వదల్లేదు. కొత్త కార్డు వేసి, గీత గీయడానికీ ఫోన్‌కు కబురు పంపడానికీ పైథాన్‌ను పక్కన ఉంచాను. ఇక అది పడిపోయినా గుడ్లకు ఏమీ కాదు.

అంతా బాగానే ఉంది గానీ, ఆ మధ్యాహ్నం గుడ్లు ఎంత చల్లబడ్డాయో ఎవరికీ తెలియదు. మూడో వారం చివర్న మళ్లీ ఆళ్లగడ్డ వెళ్లాం. పొద్దున్నుంచీ చలనం లేదు. బావ గుమ్మం దాకా వచ్చి తొంగిచూసి పోతున్నాడు. అక్క అన్నం ముట్టలేదు. భోజనాల వేళ దాటాక ఒక గుడ్డు మీద సన్నటి పగులు, లోపలినుంచి కిచకిచ. "అక్కా, చూడవే!" అని అరిచాను. ఆ పక్కన ఇంకొకటి, వెనక ఇంకొకటి! మా ఆయనా నేనూ చేతులు పట్టుకుని సిగ్గులేకుండా ఎగిరాం. కొన్ని గుడ్లు అలాగే ఉండిపోయాయి. మర్నాటికి సగానికి పైగా పిల్లలయ్యాయి.

ఈకలారిన పిల్లనొకదాన్ని తీసి అక్క బావ అరచేతిలో పెట్టింది. ఆయన పడిపోకుండా రెండో చేయి అడ్డం పెట్టాడు.

"ఇంగో పెట్టె చేపిస్తే యాడ పెడతావ్?" అన్నాడు.

"నువ్వు పండుకునే కాడ" అంది అక్క, పెట్టె మీంచి చూపు తిప్పకుండానే.